ఖర్చు లేని సేద్యం, తీరిక లేని పొద్దు: పలమనేరు వైపు ఒక ఊరి కేస్ స్టడీ

చిత్తూరు జిల్లా పలమనేరు నుంచి కర్ణాటక సరిహద్దు వైపు పోయే దారిలోని ఒక చిన్న ఊరిది ఈ కేసు. ఊరి పేరూ మనుషుల పేర్లూ రాయడం లేదు. అక్కడి డ్వాక్రా సంఘాల ఆడవాళ్లు రసాయన ఎరువులు, మందులు లేని ప్రకృతి వ్యవసాయంలో శిక్షణ తీసుకుని మొదటి ఖరీఫ్‌లో బాగానే చేశారు. రెండో ఏడు వచ్చేసరికి చాలా ఇళ్లలో పేడ, గోమూత్రం కలిపి పొలానికి చేసే జీవామృతం డ్రమ్ములు బట్టలు నానబెట్టుకునే డ్రమ్ములయ్యాయి. ఎందుకిలా జరిగిందో చూసి రమ్మని నన్ను పంపారు. గ్రామీణ మహిళల జీవనోపాధుల మీద స్వచ్ఛంద సంస్థలతో పనిచేయడం నా వృత్తి.

నేను వెళ్లేసరికే ఫైల్లో కారణం రాసి ఉంది: ‘రైతు మహిళల్లో అవగాహన లోపం.’ దానికి మందు కూడా పక్కనే ఉంది: మరో విడత శిక్షణ. మా రంగంలో ఏ కార్యక్రమం కుంటుపడినా మొదట రాసే జబ్బు పేరు ఇదే. రాయడం సులువు, రాసినవాళ్లలో ఎవరికీ నొప్పి తగలదు.

ఆ కారణం నిలబడదని మొదటి మీటింగులోనే తేలిపోయింది. జీవామృతంలో ఏమేం పడతాయని అడిగితే తడుముకోకుండా చెప్పారు. ఎకరాకు 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల గోమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టు మీది పిడికెడు మట్టి, 200 లీటర్ల నీళ్లు. నీడలో రెండు రోజులు ఉంచాలి, పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పాలి. శనగపిండి ధర ఎక్కువని తాము ఉలవపిండి వేస్తామని కూడా చెప్పారు. ఇంత తెలిసినవాళ్లు మానేయడమేంటని అడిగాను. సంఘంలో పెద్దావిడ ఒకామె అంది: “మాకు తెలీక కాదు మేడం. చేసేదానికి పొద్దు యాడుండాది?”

ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే నా పని అయింది.

పాడి మీద బతికే ఊరు

పడమటి మండలాల సేద్యం గురించి తెలియనివారికి నాలుగు మాటలు. వాన మీద వేరుశనగ, బోరు కింద టమాటా, అక్కడక్కడ మల్బరీ. వీటన్నింటికీ తోడు ఇంటింటికీ ఒకటో రెండో సంకరజాతి ఆవులు. వేరుశనగ చేతికి రాని ఏడాది, టమాటా ధర రవాణా ఖర్చుకు కూడా చాలని నెల ఇల్లు గడిపేది పాల బిల్లే. పాలకు ధర ఫ్యాట్ (వెన్న), ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థాలు) శాతాన్ని బట్టి కడతారు. ఆ శాతం నిలవాలంటే మేత, దాణా, శుభ్రత అన్నీ వేళకు జరగాలి. అవి జరిపించేది ఆడవాళ్లు.

ఇలాంటి ఊళ్లోకి వచ్చింది ప్రకృతి వ్యవసాయం. రాష్ట్ర కార్యక్రమం 2016లో మొదలై చాలా దూరం వచ్చింది. 2024లో గుల్బెంకియన్ మానవతా బహుమతి దానికి దక్కినప్పుడు అందుకున్నవారిలో ఒక మహిళా రైతు ఉన్నారు. ఈ పద్ధతి మీద నాకు వ్యతిరేకత లేదు, ఇంకా చెప్పాలంటే ఇష్టమే. ఆ ఊళ్లో మొదటి ఏడాది మందుల అప్పు తగ్గిందని చెప్పిన ఇళ్లు ఉన్నాయి. మందు కొట్టాక వచ్చే తలనొప్పులు పోయాయన్నవాళ్లూ ఉన్నారు. నా సందేహమల్లా శిక్షణ హాల్లో గోడ మీద అతికించిన ఖర్చుల పట్టిక మీదే. ఎరువుల ఖర్చు, పురుగుమందుల ఖర్చు అని రెండు గడులు, వాటి ఎదురుగా రసాయన సేద్యానికి వేలల్లో అంకెలు, ప్రకృతి సేద్యానికి దాదాపు సున్నా. చేసే మనిషికి ఆ పట్టికలో గడే లేదు.

చింతగింజల పట్టిక

ఆడవాళ్లతో రోజు లెక్క కట్టించడానికి నేను వాడేది పాత పద్ధతే. నేల మీద ముగ్గుపిండితో గడులు గీసి, ఒక్కో గడికి ఒక్కో పని బొమ్మ వేసి, మనిషికి 24 చింతగింజలు ఇస్తాను. గింజకు గంట. ఏ పనికి ఎంత సేపు పడితే అన్ని గింజలు పెట్టాలి. మగవాళ్లతో వేరుగా చేయిస్తాను, కలిపి కూర్చోబెడితే ఆడవాళ్ల గింజలు వాళ్లంతట వాళ్లే తగ్గించుకుంటారు.

మగవాళ్ల దగ్గర పని త్వరగానే ముగిసింది. ఒకాయనకు గింజలు మిగిలితే నాలుగు తీసి ‘ఊరి విషయాలు’ అని కొత్త గడి గీయించి అందులో పెట్టాడు. పక్కవాళ్లు నవ్వారు గానీ ఆయన మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆడవాళ్ల దగ్గర చిక్కొచ్చింది. గింజలు చాల్లేదు. “ఇంకో నాలుగు ఇయ్యి మా, ఈ గంటలో రెండు పనులుండాయి” అని ఒకామె చేయి చాచింది. తర్వాత అందరూ అడిగారు. రోజుకు 24 గంటలే అని నేను మొండికేస్తే పట్టిక అబద్ధమవుతుంది. అందుకని అదనపు గింజలు ఇచ్చి, ఏ గంటకు ఎన్ని పడ్డాయో చూశాం. గింజలు గుట్టగా పడింది ఒక్కచోటే: తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఏడున్నర దాకా.

ఆ మూడు గంటల్లో ఏం జరుగుతుందో విడదీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. కొళాయి నీళ్లు వచ్చేది అప్పుడే. పాలు పితికి పాలకేంద్రానికి చేర్చాల్సింది అప్పుడే, ఆలస్యమైతే క్యాన్లు ఎత్తే బండి వెళ్లిపోతుంది. కొట్టంలో పేడ తీయడం, పిల్లలకు వంట, సద్ది కట్టడం కూడా అప్పుడే. ఎండాకాలంలో ఉపాధి పనికి పోయేవాళ్లయితే ఇంకా ముందే బయల్దేరాలి. వీటి మీదకు జీవామృతం మరో మూడు పనులు తెచ్చిపెట్టింది. ఆవు పొద్దున లేచిన వెంటనే మూత్రం పోస్తుంది, దాన్ని పట్టుకోవాలంటే సరిగ్గా ఆ వేళకు గిన్నె పట్టుకుని నిలబడాలి. శిక్షణలో నాటు ఆవుదే మేలని చెప్పారు. ఊళ్లో ఉన్నవి ఎక్కువగా జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకరజాతి ఆవులు. కాబట్టి నాటు ఆవు ఉన్నవాళ్ల ఇంటికి వెళ్లి అడిగి నిలబడాలి. ఇక నీళ్లు, డ్రమ్ము తిప్పడం.

నీళ్ల లెక్క ఒకసారి చూడండి. జల్ జీవన్ మిషన్ ప్రమాణం ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు. ఐదుగురున్న ఇంటికి 275 లీటర్లు. ఒక్క ఎకరాకు ఒక్క విడత జీవామృతానికి 200 లీటర్లు కావాలి. ఇంటిల్లిపాదీ ఒక రోజు వాడుకునే నీళ్లలో దాదాపు ముప్పాతిక భాగం. పదిహేను లీటర్ల బిందెతో 13, 14 బిందెలు. రెండెకరాలుంటే దానికి రెట్టింపు, అదీ పదిహేను రోజులకోసారి. డ్రమ్ము ఇంటి పెరట్లో ఉంటుంది, ఎందుకంటే పేడ అక్కడే ఉంది, నీడ అక్కడే ఉంది, తిప్పే మనిషి అక్కడే ఉంటుందని శిక్షణ ఇచ్చినవాళ్ల ఊహ. తయారయ్యాక ఆ 200 లీటర్లను మళ్లీ బిందెల్లో కయ్యకు మోయాలి.

జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనులు చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వాటికి వెచ్చిస్తున్నారని తేలింది. 2024 సర్వేలో అవి 289, 88. ఐదేళ్లలో ఆడవాళ్లకు 10 నిమిషాలు తగ్గాయి, మగవాళ్లకూ దాదాపు అంతే తగ్గాయి. విధానాల గురించి మాట్లాడేటప్పుడు ఈ అంకెలు చాలా అవసరం, నేనూ వాడతాను. అయితే ఈ ఊళ్లో జీవామృతాన్ని ఆపేసింది నిమిషాల మొత్తం కాదని నా అంచనా. మధ్యాహ్నం రెండింటికి అదే పని పెట్టి ఉంటే చాలామంది చేసేవారు. ఐదు పనులు ఒకే గంటలో ఢీకొన్నప్పుడు ఏదో ఒకటి వదలాల్సిందే. పాలు వదిలితే బిల్లు పోతుంది. నీళ్లు వదిలితే ఇల్లు ఆగిపోతుంది. పిల్లల్ని వదల్లేరు. మిగిలింది జీవామృతం. లెక్క తెలిసిన మనిషి ఎవరైనా అదే వదులుతారు.

సున్నా ఎక్కడిది

మహిళా అధ్యయనాల్లో ఈ విషయం మీద చాలాకాలంగా పని జరుగుతోంది. అందులో మన ఆంధ్రకు చెందిన ముఖ్యమైన పరిశోధన ఒకటుంది. 1970ల చివర్లో జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ నర్సాపురం ప్రాంతంలో లేసు అల్లే ఆడవాళ్ల మధ్య పనిచేశారు. వాళ్లు అల్లిన లేసు విదేశాలకు ఎగుమతి అయ్యేది, వ్యాపారులు బాగుపడ్డారు. అల్లే ఆడవాళ్లను మాత్రం తీరిక వేళలో కాలక్షేపానికి అల్లుకునే గృహిణులుగానే అందరూ లెక్కగట్టేవారు. కూలి అంత తక్కువగా ఉండటానికి ఆ లెక్కే ఆధారమని ఆమె చూపించారు. తిరుపతి మహిళా యూనివర్సిటీలో చదివే రోజుల్లో ఈ పరిశోధన గురించి విన్నప్పుడు అది కోస్తా సంగతి, లేసు సంగతి అనుకునేదాన్ని. పలమనేరు పెరట్లో పేడ డ్రమ్ము పక్కన నిలబడ్డాక ఆ దూరం తగ్గిపోయింది.

మన ప్రభుత్వ లెక్కల్లో కుటుంబ శ్రమకు చోటు లేదనుకోవడం కూడా తప్పే. మద్దతు ధర నిర్ణయించేటప్పుడు వ్యవసాయ ఖర్చుల, ధరల కమిషన్ ‘ఏ2’ అనే ఖర్చుతో పాటు ‘ఏ2+ఎఫ్‌ఎల్’ అనే ఖర్చు కూడా చూస్తుంది. చేతి నుంచి పెట్టిన ఖర్చు మొదటిది. దానికి ఇంటిల్లిపాదీ చేసిన పనికి కూలి విలువ కట్టి కలిపితే రెండోది. అంటే ఢిల్లీలో ఉన్న గడి ఊరి శిక్షణ హాలు పోస్టర్ దాకా రాలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ సమావేశంలో గణాంకవేత్తలు 2013లోనే సొంత ఇంటి కోసం చేసే ఉత్పత్తి, సేవలు కూడా పనేనని నిర్వచనం మార్చారు. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో ఐదోది లింగ సమానత్వం. అందులో 5.4 జీతం లేని ఇంటిపనిని, సంరక్షణను గుర్తించి విలువ ఇవ్వాలంటుంది. మట్టిని బాగుచేసే కార్యక్రమం వేరే లక్ష్యాల కింద లెక్కకొస్తుంది. ఈ రెండు రిపోర్టులూ వేరువేరు టేబుళ్ల మీద తయారవుతాయి. ఒకదాంట్లో మార్కులు పెరగడానికి ఇంకోదాంట్లో తెల్లవారుజాము ఖర్చయిందని ఏ టేబులుకూ తెలియదు.

ఇది నేను రిపోర్టులో రాస్తే ఒక అధికారి “ఆడవాళ్లకు ఇష్టం లేదంటారా?” అన్నారు. ఇష్టం సంగతి కాదు సార్, వేళ సంగతి అన్నాను.

ఏం మార్చాం

మార్పుల్లో కొన్ని మరీ చిన్నవి. పశువుల కొట్టంలో నేలకు వాలు పెట్టి సిమెంటు వేసి చివర ఒక గుంత తవ్వితే మూత్రం దానంతటదే అందులో చేరుతుంది, వీలైన వేళకు ముంచుకోవచ్చు. సంఘం అంతర్గత అప్పుతో కొన్ని ఇళ్లు అలా చేసుకున్నాయి. ద్రవ జీవామృతం విడతలు తగ్గించి, దాని పొడి రూపమైన ఘనజీవామృతం పెంచాం. అది పనులు తక్కువగా ఉన్న రోజుల్లో చేసి నీడలో ఆరబెట్టుకుంటే నెలల తరబడి నిల్వ ఉంటుంది, తెల్లవారుజాముతో పని లేదు.

అసలైన మార్పు డ్రమ్మును పెరట్లోంచి తీసి బోరు దగ్గర పెట్టడం. నీళ్లు పైపులో వస్తాయి, మోత లేదు. తయారైంది అక్కడే కాలువలో కలుస్తుంది. వ్యవసాయానికి త్రీఫేజ్ కరెంటు వచ్చే వేళకు మగవాళ్లు ఎలాగూ బోరు దగ్గరికి పోతారు, మోటారు వేసి కాసేపు కూర్చుంటారు. ఆ కాసేపట్లో కర్ర తిప్పడం వాళ్ల వంతు. పేడ బస్తా టీవీఎస్ బండి వెనక కట్టుకుని పోతారు.

మగవాళ్లు ఒప్పుకోరని నేను భయపడ్డాను. తేలిగ్గానే ఒప్పుకున్నారు, కారణం తర్వాత అర్థమైంది. పెరట్లో పేడ నీళ్లు కలుపుతుంటే వీధిలో పోయేవాళ్లు చూస్తారు, అది ఆడపని. అదే పేడ నీళ్లు బోరు దగ్గర కలిపితే సేద్యం. చేతులకంటే పేడ ఒకటే, వాసన ఒకటే. దీన్ని ఎగతాళి చేయడం లేదు. ఉన్న ఊరిని ఉన్నట్టు తీసుకుని పని జరిపించుకోవాలంటే ఇలాంటివి వాడుకోక తప్పదు. ఇంట్లో వంట, పిల్లల పని పంచుకోవడం గురించి కూడా రెండు మీటింగులు పెట్టాం, అందులో కదలిక లేదని రాయడమే నిజాయితీ.

ఎక్కువ చర్చ నడిచింది తయారుచేసి అమ్మే అంగడి మీద. దళితవాడలో భూమి లేని ఒకామెకు రెండు నాటు ఆవులున్నాయి. ఆమె ఘనజీవామృతం, వేపాకుతో చేసే పురుగుల మందు నీమాస్త్రం చేసి అమ్మితే బోరు లేనివాళ్లూ మనుషులు చాలనివాళ్లూ కొనుక్కుంటారన్నది ఆలోచన. ధర దగ్గర ఆగింది. “పేడకు దుడ్లేంది?” అన్నారు కొందరు. బెల్లానికి, పిండికి లెక్క కట్టారు, ఆమె పనికి కట్టడానికి వెనకాడారు. చివరికి గంటల లెక్క కడదామంటే ఏ కూలి రేటు ప్రకారం అన్న ప్రశ్న వచ్చింది. ఊళ్లో కలుపు తీసే ఆడకూలి రేటు ఒకటి, మగకూలి రేటు దానికంటే ఎక్కువ. ఆడమనిషి చేసే పనికి ఆడకూలి కడితే చాలన్నారు. సంఘం లీడరమ్మ, అంతవరకూ నోరు విప్పని మనిషి, అడిగింది: “ఉపాధి పనిలో ఇద్దరికీ ఒకటే కదా, ఆ రేటు ఎందుకు కట్టకూడదు?” 2024–25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలుండేది, ఆడా మగా తేడా లేదు. ఆ రేటే ఖాయమైంది. నా లెక్కన ఈ కేసులో పెద్ద ఫలితం అదే. ఆ పనికి ఊరు తనంతట తాను ఒక ధర ఒప్పుకుంది. ఆ ధర వేసి చూస్తే పోస్టర్‌లోని సున్నా పోయింది. అయినా రసాయన సేద్యం ఖర్చు కంటే తక్కువే ఉందని వాళ్లే కూడి చూసుకున్నారు. పనికి లెక్క కడితే పద్ధతి ఓడిపోతుందని భయపడేవాళ్లకు ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది.

ఏం నిలబడింది, ఏం లేదు

సొంత బోరు ఉన్న ఇళ్లు చాలావరకు మళ్లీ మొదలుపెట్టాయి. వాన మీదే ఆధారపడినవాళ్లలో కొందరు అంగడి నుంచి కొంటున్నారు, కొందరు ఊరుకున్నారు. తెల్లవారుజామున మిగిలిన సమయం ఏమైందని అడిగితే ఒకామె ఐదింటిదాకా పడుకుంటున్నానని చెప్పి సిగ్గుపడింది. ఇంకో ఇంట్లో ఆ సమయంతో పాటు ఒక ఆవు కూడా పెరిగింది. మళ్లీ గింజలు పెట్టిస్తే ఆమె గుట్ట పాతంతే ఉంది. ఆదాయం ఆమె చేతికి వస్తుందా అంటే పాల బిల్లు ఆమె ఖాతాలో పడుతుంది, ఏటీఎం కార్డు కొడుకు దగ్గర ఉంటుంది.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది కలుపు. కలుపుమందు మానేస్తే భూమి లేని ఆడవాళ్లకు కూలి రోజులు పెరుగుతాయి. నేలను ఆకులతో, చొప్పతో కప్పే ఆచ్ఛాదన బాగా చేస్తే కలుపే తగ్గుతుంది, కూలి రోజులూ తగ్గుతాయి. భూమి ఉన్న ఆడమనిషికి నడుము నొప్పి తగ్గడమంటే భూమి లేని ఆడమనిషికి కూలి తగ్గడం. ఇద్దరూ ఒకే సంఘంలో ఒకే చాప మీద కూర్చుంటారు. ‘మహిళా రైతులు’ అని ఒక్క మాటలో రాసే రిపోర్టుల్లో ఈ ఇద్దరూ కలిసిపోతారు. మొదటి శిక్షణకు భూమి లేనివాళ్లను పిలవనేలేదు. అంగడి ఒకరికి పని చూపించింది, మిగతావాళ్ల సంగతికి నా దగ్గర పరిష్కారం లేదు. ఆచ్ఛాదన కోసం చొప్ప, ఆకు తెచ్చే పనిని కూలి పనిగా మార్చాలని ప్రతిపాదించాను, భూమి ఉన్నవాళ్లు ఆలోచిస్తామన్నారు.

ఇంకొకటి కాగితాలది. శిక్షణ రిజిస్టర్ నిండా ఆడవాళ్ల సంతకాలు. ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఈ-క్రాప్ నమోదులో, పాసుపుస్తకాల్లో ఎక్కువగా మగవాళ్ల పేర్లు. నష్టపరిహారం, పంట బీమా, పంట అప్పు రెండో కాగితాన్ని బట్టి వస్తాయి. కౌలుదారుకైతే 2019 చట్టం కింద సాగుదారు హక్కు కార్డు అడిగే వీలుంది. భర్త పేరున ఉన్న కయ్యలో సేద్యం చేసే భార్య యజమాని కాదు, కౌలుదారూ కాదు, కూలీ కూడా కాదు. ఆమెకు ఏ గడీ లేదు. సంఘం దీని మీద తీర్మానం చేసింది: తమ సొంత పుస్తకంలోనైనా ప్రతి కయ్యకూ ఇద్దరి పేర్లూ రాయాలని. రాయడం మొదలైంది. సర్కారు కాగితాల్లో ఆ రెండో పేరుకు విలువ లేదు, బ్యాంకు దాన్ని చూడదు. వచ్చే ఖరీఫ్ ఫారంలో నేను చేర్చినవి మూడు గడులు: నీళ్లు మోసింది ఎవరు, కలిపింది ఎవరు, ఏ వేళకు. మూడోది అక్కర్లేదని ఆఫీసులో అన్నారు. అది ఉంచమని తిరిగి రాశాను, జవాబు రావాలి.